ముందుగాల చదవాలె

మా ఇంట్లో ఒక కంప్యూటర్ చచ్చిపోయి, పదకొండో రోజున లేచి కూర్చుంది. ఈ వాక్యం వినగానే మా ఆవిడ "బతికినదానికి పదకొండో రోజు లెక్కలేమిటండీ, అశుభం" అని కసిరింది. నిజమే గానీ రోజులు లెక్కపెట్టింది నేను కాదు, మా మేనల్లుడు. కంప్యూటర్ వాడిది మరి.

చంపింది మాత్రం నేనే. వేలు నాది, సలహా వాడిది, ముహూర్తం ఆషాఢమాసపు గాలివానది. వాడి డెస్క్‌టాప్‌లో ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్ ఉంది. ఏడో తరంది ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని తెచ్చాడు. సాకెట్ అదే, అందులో కూర్చుంటుంది. కానీ బోర్డు 2015 నాటి రకం, ప్రాసెసర్ 2017లో బజారుకొచ్చిన రకం. కొడుకు పెళ్లికి ముందే చనిపోయిన తాతగారికి మనవణ్ణి చూపించి "గుర్తుపట్టారా?" అంటే ఏం చెబుతారు? ముందు బోర్డుకు ఈ కొత్త చుట్టాన్ని పరిచయం చెయ్యాలి. దానికే బయోస్ అప్‌డేట్.

"మామయ్యా, పెన్‌డ్రైవ్‌లో ఫైలు పెట్టాను. ఎంటర్ కొట్టడమే" అని వాడు స్నానానికి వెళ్లాడు. కొట్టాను. మధ్యలో ఆపొద్దని తెర మీద హెచ్చరిక వచ్చింది. గీత పాకుతోంది. సగం దగ్గరికి రాబోతుండగా బయట ఫెళ్లుమని ఒక చప్పుడు, లోపల చీకటి.

ఇన్వర్టర్ లేదా అంటారేమో. ఉంది. ఫ్యాన్లకీ లైట్లకీ ఉంది. కంప్యూటర్ ప్లగ్గు ఆ లైన్లో లేదు. యూపీఎస్ కూడా ఉంది. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది, మా ఆవిడ దాని మీద మనీప్లాంట్ కుండీ పెట్టింది. బాగానే పెరిగింది.

కరెంటు వచ్చాక బటన్ నొక్కాం. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. బీప్ అన్న చప్పుడు కూడా లేదు. ఒళ్లు వెచ్చగా ఉంది, నాడి ఆడుతోంది, పిలిస్తే మాత్రం పలకడం లేదు.

ఇలాంటప్పుడు సలహాలకు కొదవుండదు కదా. పైవాటావాళ్లబ్బాయి ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దమన్నాడు. రుద్దాం. ఎదురింటాయన సెల్లు తీసి పెట్టమన్నారు. అదీ అయింది. ఈ సెల్లు సంగతి చెప్పాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే ఆ సెల్లు పేరు సీఆర్2032. పేరులోనే కొలతలున్నాయి: వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2. అది కాపలా కాసేది గడియారానికి, మనం మార్చుకున్న కాసిని సెట్టింగులకు. సెల్లు తీసేస్తే ఆ సెట్టింగులు పోయి మొదటికొస్తాయి, అంతే. తప్పుడు సెట్టింగు వల్ల పడకేసిన బోర్డు దాంతో లేస్తుంది కూడా. కానీ అసలు బయోస్ ఉండేది వేరే చిప్‌లో. దానికి సెల్లుతో పనిలేదు, పదేళ్లు అటక మీద పడేసినా రాసింది రాసినట్టే ఉంటుంది. మా ఇంట్లో పోయింది సెట్టింగు కాదు, రాత.

ఆ రాత ఏమిటో చెబుతాను. పల్లెనుంచి మొదటిసారి హైదరాబాద్ వచ్చిన కుర్రాణ్ణి ఊహించుకోండి. ఇమ్లీబన్ బస్టాండులో దిగాడు. ఊరు తెలియదు, దారి తెలియదు. జేబులో ఒక చీటీ, చీటీ మీద ఒకే ఒక చిరునామా. కరెంటు అందిన క్షణాన ప్రాసెసర్ పరిస్థితి సరిగ్గా అదే. మెమరీలో ఎన్ని గదులున్నాయో తెలియదు, కీబోర్డు ఎక్కడుందో తెలియదు, విండోస్ పేరే వినలేదు. పుట్టుకతో వచ్చింది ఆ ఒక్క చిరునామా. అది 4 గిగాబైట్ల హద్దుకు సరిగ్గా 16 బైట్ల ఇవతల ఉంటుంది. పదహారు బైట్లలో ఏం పడుతుంది? గడప పడుతుంది, ఇల్లు పట్టదు. అందుకే అక్కడ ఒకే మాట రాసి ఉంటుంది: "ఇక్కడ కాదు నాయనా, ఫలానా చోటికి పో." పాన్‌డబ్బా వాడు దారి చూపించినట్టన్నమాట. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడూ ఇంతే. అప్పటి 8088 ప్రాసెసర్‌కు హద్దు 1 మెగాబైటు. దానికీ 16 బైట్ల ముందే గడప. ఊరు నాలుగు వేల రెట్లు పెరిగింది, గడప మాత్రం ఊరి చివర అదే కొలతతో ఉండిపోయింది.

ఆ గడప దాటి వెళ్తే కనిపించే ఇల్లే బయోస్. మెమరీని తట్టి లేపడం, కీబోర్డునీ డిస్కునీ పలకరించడం, అందరూ హాజరని తేలాక విండోస్‌నో లినక్స్‌నో పిలిచి తాళాలు అప్పగించడం దాని పని. ఇప్పుడు మా చిక్కు అర్థమైందా? విండోస్ పాడైతే పెన్‌డ్రైవ్ పెట్టి మళ్లీ ఎక్కిస్తాం. ఎందుకంటే పెన్‌డ్రైవ్ పెడితే చూసే కన్ను ఒకటి అప్పటికే తెరిచి ఉంటుంది. ఆ కన్ను బయోస్. అదే పోతే ఇక మందు ఏ నోట్లో పోస్తారు?

ఈ బయోస్ అన్న పేరు గ్యారీ కిల్డాల్ అనే అమెరికన్ పెట్టింది. 1970ల మధ్యలో తాను రాసిన సీపీ/ఎం అనే వ్యవస్థలో యంత్రంతో నేరుగా మాట్లాడే భాగానికి ఆ పేరు పెట్టాడు. ఐబీఎం తన పీసీలో దాన్ని 8 కిలోబైట్ల చిప్‌లో ఇమిడ్చింది. పైగా ఆ రాతనంతా వరసగా తన సాంకేతిక గ్రంథంలో అచ్చువేసి అమ్మింది. చదువుకోవచ్చు, కాపీ కొడితే మాత్రం కోర్టు. అమెరికాలోనే కాంపాక్ అనే కొత్త కంపెనీకి అచ్చం అలా పనిచేసే బయోస్ కావాలి. వాళ్లేం చేశారో చూడండి. ఒక బృందం ఐబీఎం బయోస్ ఏ పని ఎలా చేస్తుందో పరిశీలించి వివరాలు రాసిచ్చింది. ఐబీఎం రాతను ఎన్నడూ చూడని మరో బృందం ఆ వివరాలతో సొంతంగా రాసింది. చదివినవాడు రాయకూడదు, రాసేవాడు చదివి ఉండకూడదు. ఫీనిక్స్ అనే కంపెనీ కూడా ఇదే పద్ధతిలో రాసి 1984 నుంచి అందరికీ అమ్మింది. వీధివీధినా పీసీలు దొరకడానికి దారి అలా పడింది. ఈ చదువు-రాత గొడవ గుర్తుంచుకోండి, మనకు మళ్లీ తగులుతుంది.

పాతకాలపు చిప్‌లకు నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉండేది. అతినీలలోహిత దీపం కింద కొంతసేపు పెడితే రాతంతా చెరిగేది. పొరపాటున వెలుతురు తగలకుండా దాని మీద స్టిక్కర్ అంటించేవారు. ఆ తర్వాత ఫ్లాష్ వచ్చింది. జపాన్‌లో తోషిబాకు చెందిన ఫుజియో మసుఒకా 1984లో ప్రపంచానికి చూపించాడు. చెరిపే తీరు కెమెరా ఫ్లాష్‌లా ఉందని ఆయన సహచరుడొకరు ఆ పేరు సూచించాడట. నన్నడిగితే పలక అనేవాణ్ణి. చిన్నప్పుడు పలక మీద బలపంతో ఒక్కో అక్షరం రాసేవాళ్లం. చెరపాలంటే మాత్రం తడిగుడ్డతో ఒక్క తుడుపు, పక్కనున్నవీ పోయేవి. ఫ్లాష్ గుణం అదే. రాయడం బిట్టు బిట్టుగా, చెరపడం గంపగుత్తగా. కొత్తది రాయాలంటే ముందు తుడవాలి. తుడవడానికీ రాయడానికీ మధ్యలో కరెంటు పోతే? అదే మా కథ.

ఇంతకంటే పెద్ద కథ ఒకటుంది. అది 1999 ఏప్రిల్ 26, సోమవారం.

అప్పట్లో నేను చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటర్‌లో ప్రూఫులు దిద్దేవాణ్ణి. వైశాఖ మాసం, పెళ్లికార్డుల రద్దీ. రెండు కంప్యూటర్లు, ఒకే రోజు ఒకే చోట కొన్న కవలలు. ఒకదానిలో కార్డులు, రెండోదానిలో పుస్తకాలు. ఆ పూట పుస్తకాల కంప్యూటర్ వేశాం. విండోస్ వచ్చింది, కాసేపు డిస్కు గరగరలాడింది, బిగుసుకుపోయింది. ఆర్పి వేస్తే నల్లతెర. ఇంతలో పక్కవీధి సెంటర్ నుంచి ఫోన్: "రెండోది వెయ్యకండి. వేస్తే విండోస్‌లోకి వెళ్లకముందే తేదీ 27 చెయ్యండి." వర్జ్యం తప్పించి గడప దాటినట్టు మేం రెండోదానిలో 26వ తేదీని దాటేశాం.

అది సీఐహెచ్ వైరస్. రాసింది చెన్ ఇంగ్-హావ్ అనే తైవాన్ విద్యార్థి, వైరస్ పేరులో ఉన్నవి అతని పొడి అక్షరాలే. చెర్నోబిల్ ప్రమాదం జరిగిందీ ఏప్రిల్ 26నే కాబట్టి లోకం దానికి చెర్నోబిల్ వైరస్ అని పేరు పెట్టింది. నిడివి 1 కిలోబైటు మాత్రమే. ప్రోగ్రాం ఫైళ్లలో ఖాళీ సందులుంటాయి, ముక్కలు ముక్కలుగా వాటిలో దూరి కూర్చునేది. పండగ రైల్లో సీట్ల కింద సర్దుకున్నట్టన్నమాట. ఫైలు పరిమాణం పెరగదు కాబట్టి అనుమానం రాదు. ఆ తేదీ రాగానే రెండు పనులు చేసేది. డిస్కులో మొదటి మెగాబైటును సున్నాలతో నింపేది. బయోస్ చిప్‌లోనూ చెత్త రాయడానికి ప్రయత్నించేది. ఇంటెల్ 430టీఎక్స్ రకం బోర్డుల మీద ఆ ప్రయత్నం ఫలించేది. మావి ఆ రకమే.

మాకు హార్డ్‌వేర్ చూసే అతను సాయంత్రం వచ్చాడు. జేబులో ఫ్లాపీ, చేతిలో జాకెట్లు కుట్టే దారపు ఉండ. దారమెందుకని అడిగితే "చూస్తుండండి" అన్నాడు. అప్పటి బయోస్ చిప్‌లు వక్కపొడి పొట్లమంత ఉండేవి, రెండు వైపులా పదహారేసి కాళ్లతో సాకెట్‌లో కూర్చునేవి. బతికున్న కంప్యూటర్ ఆర్పి, దాని చిప్‌ను కాస్త వదులు చేసి, కిందుగా దారం చుట్టి మళ్లీ అదిమాడు. కంప్యూటర్ వేసి ఫ్లాపీతో డాస్‌లోకి వెళ్లాడు. ముందు మంచి చిప్‌లోని రాతను ఫైలుగా దాచాడు. ఆ తర్వాత, కంప్యూటర్ నడుస్తుండగానే, ఊపిరి బిగబట్టి రెండు దారపు కొసలూ పట్టుకుని చిప్‌ను పైకి లాగేశాడు!

మా యజమాని కెవ్వుమన్నాడు. కంప్యూటర్ మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంది. ఎందుకంటే లేచేటప్పుడే అది బయోస్‌ను మెమరీలోకి ఎక్కించుకుంటుంది. మంత్రం కంఠతా వచ్చిన పురోహితుడి ముందు నుంచి పుస్తకం తీసేస్తే పెళ్లి ఆగుతుందా? ఖాళీ సాకెట్‌లో చచ్చిన చిప్ పెట్టాడు, గాటు ఎటుందో రెండుసార్లు చూసుకుని మరీ. తిరగేసి పెడితే కాలిపోతుంది. దాచిన ఫైలును దానిలో రాశాడు. రెండు నిమిషాలు. చచ్చిన కంప్యూటర్ లేచింది. మేం చప్పట్లు కొట్టాం, మిర్చిబజ్జీలు తెప్పించాం.

ఇక్కడితో ఆపితే అది విజయగాథ. ఆపలేను.

చిప్ లేచింది గానీ డిస్కు ఖాళీగా కనిపించింది. అసలు అందులో భాగాలే లేవంది. పెళ్లివాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. "వైరస్ తినేసింది సార్, ఫార్మాట్ కొట్టడమే" అన్నాడతను. సరే అన్నాం. రాత్రికి విండోస్ 98 ఎక్కింది, పేజ్‌మేకర్ ఎక్కింది, పని మొదలైంది. కొన్నాళ్ల తర్వాత తెలిసింది: ఆ డిస్కులో పోయింది మొదటి మెగాబైటే. 4.3 గిగాబైట్లలో నాలుగు వేల వంతుల్లో ఒక వంతు. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక రెండు ప్రతులుగా ఉంటుంది. మా డిస్కులాంటి ఎఫ్‌ఏటీ32 డిస్కుల్లో రెండో ప్రతి ఆ మెగాబైటుకు ఆవల క్షేమంగా ఉండేది. దాన్ని పట్టుకుని మొత్తం వెనక్కి తెచ్చే ఉపాయాన్ని అమెరికాలో స్టీవ్ గిబ్సన్ అనే ఆయన చిన్న ప్రోగ్రాంగా రాశాడు కూడా. అంటే వైరస్ గుమ్మాన్ని పగలగొట్టి వెళ్తే, ఇల్లే కూలిందనుకుని బుల్‌డోజర్ తెచ్చింది మేం.

ఆ ఇంట్లో ఒక శతకం ఉంది. రిటైరైన తెలుగు పండితుడొకాయన ఐదారు నెలలపాటు రోజూ వచ్చి, నా పక్కన కుర్చీ వేసుకుని పద్యాలు దిద్దించుకున్నారు. చేతిరాత ప్రతి ఆయన దగ్గర ఉంది. దిద్దుబాట్లు మాత్రం తెర మీదే జరిగాయి, ఒక గణం మార్చడం, ఒక యతి సరిచెయ్యడం. అవెక్కడా కాగితం మీద లేవు. జరిగింది చెబితే కోప్పడలేదు. మళ్లీ కొట్టించుకున్నారు, పుస్తకం వచ్చింది. ఆవిష్కరణ రోజున నా చేతిలో ప్రతి పెడుతూ "పోయిన దిద్దుబాట్లే బాగుండేవి నాయనా" అన్నారు. అంతే. పాతికేళ్లు దాటినా ఆ మాట చెవిలో ఉంది. ప్రూఫులు దిద్దేవాణ్ణయి ఉండి, చదవకుండా చెరిపేశాను.

సరే, ఈనాటికి వద్దాం. ఇప్పటి బయోస్ చిప్ దోసగింజకు పెద్దన్న. ఎనిమిది కాళ్లు. దానిలో 16 మెగాబైట్లు, ఐబీఎం నాటి 8 కిలోబైట్లకు రెండు వేల రెట్లు. సాకెట్ ఉండదు, బోర్డుకే టంకం పెట్టి ఉంటుంది. దారం ఉపాయం చెల్లదు. ఖరీదైన బోర్డుల్లో రెండు బయోస్‌లుంటాయి, ఒకటి పోతే రెండోది అందుకుంటుంది. కొన్నిటిలో ప్రాసెసర్ లేకపోయినా బటన్ నొక్కితే పెన్‌డ్రైవ్ నుంచి తనంతట తాను రాసుకునే ఏర్పాటుంటుంది. మాది చవక బోర్డు. దాని దగ్గర ఉన్నది మేమే.

మావాడు ఆన్‌లైన్‌లో ప్రోగ్రామర్ తెప్పించాడు. మనిషి కాదు, అగ్గిపెట్టెంత పరికరం. సీహెచ్341ఏ అంటారు. ఒక పక్క యూఎస్‌బీ, ఇంకో పక్క బట్టలక్లిప్‌కు చెల్లెలు లాంటి క్లిప్. చిప్ ఎనిమిది కాళ్లనూ ఆ క్లిప్ కరిచిపట్టుకుంటే, ఇంకో కంప్యూటర్ నుంచి నేరుగా చిప్‌ను చదవొచ్చు, రాయొచ్చు. పెట్టేముందు మావాడు మల్టీమీటర్‌తో కొలిచాడు. చిప్ 3.3 వోల్టుల మనిషి. పరికరం మాత్రం సంకేతాల కాళ్ల మీదికి 5 వోల్టులు పంపుతోంది. ఈ నల్ల ప్రోగ్రామర్లలో ఇది పేరుమోసిన లోపమట. మజ్జిగ తాగే పిల్లాడికి ఆవకాయన్నం కలిపి పెట్టినట్టు. తిరిగి పంపేసి, వోల్టేజీ మార్చుకునే స్విచ్ ఉన్నది తెప్పించాం. ఇందులో నాలుగు రోజులు పోయాయి.

క్లిప్ పెట్టి చదివాం. 16 మెగాబైట్ల ఫైలు వచ్చింది. "ఇంకోసారి చదువు" అన్నాను, అలవాటు కొద్దీ. ప్రూఫు రూంలో ఒకరు చదువుతుంటే ఇంకొకరు మూలప్రతి పట్టుకుని సరిచూడాలి, అది నా పాత ధర్మం. రెండో ఫైలు మొదటిదానితో కలవలేదు. మూడోది రెండింటితోనూ కలవలేదు. ఒకే శాసనాన్ని ముగ్గురు పండితులు చదివినట్టుంది. చిప్ మాత్రం ఒకటే కదా. అంటే చదవడంలోనే తేడా. ఈ స్థితిలో రాస్తే రాతలోనూ తేడానే. మావాడికి ఆత్రం. "ఎలాగూ పాడైందే కదా మామయ్యా, కొత్తది రాసేద్దాం." ఆ మాట వినగానే నాకు శతకం గుర్తొచ్చింది. వద్దన్నాను.

బోర్డును పాత దుప్పట్లో చుట్టుకుని సికింద్రాబాద్ వెళ్లాం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అందరికీ తెలిసిందే, సీటీసీ అంటే ఆటోవాడు ఇంకేం అడగడు. మెట్ల కింద మంచమంత కొట్టు. అందులో పాతికేళ్ల కుర్రాడు, కంటికి భూతద్దం, పక్కన వేడిగాలి యంత్రం. మా మూడు ఫైళ్ల కథ చెప్పాం. నవ్వాడు.

"క్లిప్ సక్కగ కూసోలే సార్. పైకెల్లి మీరు చిప్‌కు ఇచ్చే కరెంటు బోర్డు గూడ తాగుతది. ఒకనికి వండి ఒకనికే పెడ్తున్నమనుకుంటరు, మందంత తింటరు." చిప్ చుట్టూ పసుపు టేపు అంటించి, వేడిగాలి పట్టి, పట్టకారుతో చిప్‌ను ఆవగింజలా ఎత్తాడు. తన యంత్రంలో పెట్టి చదివాడు. మళ్లీ చదివాడు. రెండూ అచ్చంగా ఒకటే.

మావాడు పెన్‌డ్రైవ్ చాపి "కొత్త ఫైలు ఇదిగో అన్నా, రాసెయ్యి" అన్నాడు. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు తమ్మీ. ముందుగాల చదవాలె, తర్వాత రాయాలె. చెడిపోయింది గదా అని అట్లనే రాస్తే, అండ్ల ఉన్నదంత పాయె. ఉన్నది ముందుగాల ఇంట్ల వెట్టుకో." చదివిన ఫైలును మా పెన్‌డ్రైవ్‌లోనే వేరే పేరుతో దాచాడు.

నేను నోరు మూసుకుని నిలబడ్డాను. 1999లో మా మధ్యన ఈ కుర్రాడుంటే!

దాచిన ఫైలును తెర మీద పరిచి చూపించాడు. పైన అంకెలూ అక్షరాలూ కిక్కిరిసి ఉన్నాయి. కిందికి జరుపుకుంటూ పోతే ఒకచోట అన్నీ ఎఫ్‌లు. ఎఫ్‌ఎఫ్, ఎఫ్‌ఎఫ్, ఎఫ్‌ఎఫ్, పేజీలకు పేజీలు. తుడిచిన పలక అలాగే ఉంటుందట. కోత కోసిన చేలో నిలబడ్డట్టుంది. మా ఇంట్లో కరెంటు పోయిన క్షణం అక్కడ అచ్చుపడి ఉంది.

అప్పుడు కొత్తది రాశాడు. రాసింది మళ్లీ చదివి మూలంతో పోల్చాడు. చిప్‌ను తిరిగి నేరుగా అతికించకుండా దాని చోట చిన్న సాకెట్ పెట్టాడు. మళ్లీ మళ్లీ వేడి చేస్తే కింద రాగి లేచిపోతుందని. ర్యామ్ ఒకటి గుచ్చి, కరెంటిచ్చి, స్క్రూడ్రైవర్ మొనతో రెండు పిన్నులు కలిపాడు. తెర మీద వెలుగు. మా పక్కన పని చేయించుకుంటున్న ముసలాయన కూడా "హమ్మయ్య" అన్నాడు.

ఇంటికొచ్చి అన్నీ బిగించాం. కొత్త ప్రాసెసర్‌ను బోర్డు గుర్తుపట్టింది. విండోస్ వచ్చింది. ఇంటర్నెట్ మాత్రం రాలేదు. మావాడు రౌటర్‌లో మా ఇంటి వస్తువుల చిరునామాలన్నీ రాసిపెట్టాడు, జాబితాలో లేనివాళ్లకు ప్రవేశం లేదు. ప్రతి నెట్‌వర్క్ పోర్టుకూ పుట్టుకతో ఒక నంబరుంటుంది, మ్యాక్ అడ్రస్ అంటారు. పన్నెండు అంకెలు, అక్షరాలు. లోకంలో ఒకరిది ఇంకొకరికి ఉండకూడదు. మా కంప్యూటర్ నంబరెంతో అని చూస్తే, 88-88-88-88-87-88.

"ఫ్యాన్సీ నంబరురా" అన్నాను. "ఆర్టీఏ ఆఫీసులో వేలం వేస్తే లక్షలు పలుకుతుంది."

మావాడు నవ్వలేదు. ఇంటెల్ నెట్‌వర్క్ పోర్టున్న ఇలాంటి బోర్డుల్లో ఆ నంబరు ఉండేది కూడా ఈ బయోస్ చిప్‌లోనే. మేం రాసింది అందరి కోసం తయారైన ఫైలు. ఏ ఒక్కరి పేరూ అందులో లేదు, ఉన్నది ఈ ఎనిమిదుల పేరు. బారసాల కాని పిల్లల్ని అందరినీ చంటీ అని పిలిచినట్టు. ఇలాంటి చంటీలు ఇద్దరు ఒకే నెట్‌వర్క్‌లో చేరితే ఎవరికొచ్చిన ఉత్తరం ఎవరందుకుంటారో తెలియదు. మా కంప్యూటర్ బతికింది నిజమే, తనలాగా బతకలేదు.

మరి దాని అసలు పేరెక్కడుంది? పెన్‌డ్రైవ్‌లో, ఆ కుర్రాడు "ఇంట్ల వెట్టుకో" అన్న ఫైల్లో! అప్‌డేట్ తుడవడం మొదలుపెట్టింది బయోస్ భాగాన్ని. నెట్‌వర్క్ వివరాలుండే అర దాని జోలికి రాకుండా పక్కన ఉంది. మొదటి 4 కిలోబైట్లు చిప్‌కు విషయసూచికలాంటివి, వెంటనే 8 కిలోబైట్ల అర. దాని మొదటి ఆరు బైట్లే మా బోర్డు పేరు. 1981లో ఐబీఎం మొత్తం బయోస్‌ను ఇమిడ్చింది అంత చోటులోనే, ఇప్పుడది ఒక పోర్టు సామానుకు సరిపోతోంది. పాడైన ఫైలు తెరిచి, పెట్టె మీది స్టిక్కర్‌తో సరిచూశాం. అక్షరం పొల్లుపోకుండా ఉంది. చచ్చిపోయిన చిప్, పేరు మాత్రం మరిచిపోలేదు.

ఆ 8 కిలోబైట్లను పాత ఫైలు నుంచి తీసి కొత్త ఫైల్లో అదే చోట అతికించాడు మావాడు. పక్కన కూర్చుని నేను సరిచూశాను, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా, ఒకరు చదువుతుంటే ఒకరు మూలం పట్టుకుని. మర్నాడు మళ్లీ సీటీసీకి వెళ్లాం. చిప్ సాకెట్‌లో ఉంది కాబట్టి పది నిమిషాల పని. అది పదకొండో రోజు. డబ్బివ్వబోతే ఆ కుర్రాడు వద్దన్నాడు. "మొన్నటి పనే గద సార్, పూర్తయిందిప్పుడు."

మీ ఇంట్లోనూ ఇలాంటి రోజొకటి రావచ్చు, బయోస్‌కే రానక్కర్లేదు. అవసరం లేకుండా బయోస్ జోలికి వెళ్లకండి. వెళ్తే యూపీఎస్ మీద వెళ్లండి. పోతే, మళ్లీ రాసే తొందరలో ముందున్నదాన్ని చెరపకండి. పాడైనదాంట్లో పాడు కానిది ఎంతుందో చదివితే గాని తెలియదు. పద్యాల సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించాం. మనీప్లాంట్ తీగ అప్పటికే గోడ మీది పాత కేలండర్ మేకు దాకా పాకింది, కదిపితే తెగుతుందంది మా ఆవిడ. కదపడానికి ముందు అది ఏయే మేకుకు ఎలా చుట్టుకుందో ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. "దీనికి కూడానా?" అంది. దీనికి కూడా.